క్రోమా, నలుపా?

"క్రోమే పెట్టండి. మిలమిలా మెరవాలి. బండి వీధి మలుపు తిరుగుతుంటేనే చివరింటి వాళ్ళక్కూడా తెలిసిపోవాలి, మనదేనని!" అన్నాడు పెద్దోడు.

"ఈ రోజుల్లో క్రోమ్ ఎవరు పెడుతున్నారన్నయ్యా? స్టీలు గిన్నెల కొట్టులా ఉంటుంది. నలుపు పెట్టు. తెల్లటి పికప్పుకి నల్లటి చక్రాలు... చూసినవాడు చచ్చినట్టు తల తిప్పాలి" అన్నాడు చిన్నోడు.

వాళ్ళిద్దరి మధ్యా పుట్టిన చిట్టి, చక్రాల షాపు గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది.

పికప్పు ముందు భాగం జాకీ మీద లేచి ఉంది. ఒక పక్క క్రోమ్ చక్రం, రెండో పక్క నల్ల చక్రం బిగించి చూపించమన్నారు అన్నదమ్ములు. నాన్న ఇన్నేళ్ళూ వాడిన ఇనుప చక్రాలు గోడవారన పడున్నాయి. బండి వెనక, షాపులకి చేరవేసే అద్దాల్ని నిలబెట్టే చెక్క చట్రాన్ని ఊడదీసిన చోట, పరుపు పరిచి ఉంది. దాని మీద ఉతికిన తెల్ల దుప్పటి. పొద్దున్నే లేచి చిట్టే పరిచింది.

షాపు యజమాని ఆ దుప్పటి వంక చూసి గొంతు తగ్గించాడు. "పెద్దాయన సంగతి విన్నానండీ. ప్రాణం ఉసూరుమంది. మా షాపు ముందు అద్దం ఆయన తెచ్చిందే."

"ఏం చేస్తాం లెండి. మన చేతుల్లో ఏముంది?" అని ఒక నిట్టూర్పు విడిచాడు పెద్దోడు. ఆ నిట్టూర్పు పూర్తికాకుండానే క్రోమ్ చక్రం ముందు గొంతుక్కూర్చున్నాడు. వేలికి ఉమ్మి రాసుకుని దాని మీది మరకని తుడిచాడు. అందులో ముఖం చూసుకుంటూ మీసం సవరించుకున్నాడు.

చిట్టి ముఖం తిప్పుకుంది. అటు పక్క చిన్నోడు నల్ల చక్రానికి చెంప ఆనించి ఫోన్‌లో ఫొటో దిగుతున్నాడు. నోట్లో చూయింగ్ గమ్.

"ఒరేయ్, మధ్యాహ్నంలోగా వచ్చి తీసుకెళ్ళమన్నారు ఆసుపత్రి వాళ్ళు" అంది చిట్టి.

"అంత తొందరేంటక్కా? ఆయన ఎక్కడికి పోతాడు?" అని పళ్ళికిలించాడు చిన్నోడు.

పెద్దోడు కూడా నవ్వాడు. యజమాని మాత్రం నవ్వలేక తల వంచుకున్నాడు.

"అన్నయ్యా, ఇంత పెద్ద చక్రాలకి పల్చటి టైర్లే పడతాయి. గుంతలో దిగితే బండి ఎగిరెగిరి పడుతుంది. అద్దాలు ఒక్కటీ మిగలవు."

"ఇంకా అద్దాలేంటే పిచ్చిదానా? ఎవరు మోస్తారిప్పుడు అద్దాలు? ఆ యాపారం ఆయనతోనే సరి. ఇక బండి మేం తిప్పుకుంటాం."

"నాన్న ఒప్పుకునేవాడేనా దీనికి?"

"ఆయన్నేం అడుగుతాం ఇంక!" విసుక్కున్నాడు పెద్దోడు. "నువ్వు చెప్పు. క్రోమా, నలుపా? ఇద్దరం చెరో మాట మీద ఉన్నాం. నీ మాటతో తేలిపోతుంది."

చిట్టి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఒకే ఇంట్లో, ఒకే కంచం చుట్టూ కూర్చుని పెరిగారు ముగ్గురూ. ఈ బండి మోసిన అద్దాలే వీళ్ళ చదువులు, చొక్కాలు, ఇప్పుడు చేతుల్లో ఉన్న ఫోన్లు. చివరికి ఈ రోజు కూడా, ఈ ఒక్క పూట కూడా ఆగలేకపోయారు. మురికి గుడ్డతో ఒళ్ళంతా తుడిచినట్టు అనిపించింది ఆమెకి.

బల్ల మీద ఉన్న బండి తాళం తీసుకుంది.

"పాత చక్రాలు బిగించెయ్యండి" అంది యజమానితో.

"ఏయ్, నీకేమైనా పిచ్చా?" పెద్దోడు దిగ్గున లేచాడు.

"బండి నాన్నది. మీ పేరు మీదకి ఇంకా రాలేదుగా?"

యజమాని అన్నదమ్ముల వంక చూడలేదు. తనే పానా అందుకున్నాడు. పెద్దోడు కేకలేశాడు. చిన్నోడు బతిమాలాడు, "పోనీ క్రోమే పెట్టిద్దాం అక్కా" అని అన్న పక్షానికి కూడా దూకాడు. ఆఖరి నట్టు బిగిసి, బండి నేల మీదకి దిగగానే చిట్టి ఎక్కి కూర్చుంది.

"మమ్మల్ని ఇక్కడ వదిలేసి పోతావా? అక్కడ మోయడానికి ఎవరున్నారే?"

"ఎవరో ఒకరు సాయం పడతారు. పరాయివాళ్ళైనా ఫర్వాలేదు. మీ చేతులు మాత్రం ఆయన మీద పడకూడదు. మీరు ఇక్కడే కూర్చుని తేల్చుకోండి."

దారంతా కళ్ళు మసకబారుతూనే ఉన్నాయి. చెంపలు మోచేత్తో తుడుచుకుంటూ నడిపింది. ఆమెకి నడపడం నేర్పింది నాన్నే. గుంత కనబడిన ప్రతిచోటా, వెనక పలకల కొద్దీ అద్దాలున్నట్టే, అతి మెల్లగా దించి ఎక్కించింది. వెనక పరుపు తప్ప ఏమీ లేదు. అయినా అలవాటు పోలేదు.

ఆసుపత్రి గేటు దగ్గర కాపలా మనిషి చెయ్యి అడ్డం పెట్టాడు. "సరుకు బండ్లు లోపలికి రాకూడదమ్మా."

"మా నాన్నని తీసుకెళ్ళాలి."

అతను బండి వెనక్కి తొంగి చూశాడు. పరుపు, తెల్ల దుప్పటి కనబడ్డాయి. "ఒక్కదానివే వచ్చావా తల్లీ?" అన్నాడు.

చిట్టి తలూపింది. అతను ఇంకేమీ అడగకుండా టోపీ తీసి, గొలుసు పక్కకి లాగాడు.

ఆమె బండిని మలుపు తిప్పి మెట్ల ముందు ఆపింది.

మిగిలిన ఒక్క కాలి మీద నిలబడి, చంక కర్రకి ఆనుకుని, పై మెట్టు మీంచి నాన్న చెయ్యి ఊపాడు.