తరగని నీళ్లు

ఫ్యాక్టరీలు వాడిన నీళ్లనే శుద్ధిచేసి మళ్లీ వాడుకోవాలని, నేల నుంచి చుక్క కూడా తోడకూడదని చట్టం వచ్చి పదకొండేళ్లయింది. అయినా ఈ ఏడు సింహాద్రప్పడి బావిలో నీళ్లు మూడు బారలు దిగిపోయాయి. చెరకు ఎండితే అతని బెల్లం వ్యాపారం మూతపడ్డట్టే. అనుమానంతో పక్కనున్న రంగుల ఫ్యాక్టరీకి వెళ్లాడు.

అక్కడ నీటి లెక్క చూసే పైడితల్లి గేటు దగ్గరి బోర్డు చూపించింది. "పదకొండేళ్లుగా అవే నీళ్లు, మావయ్యా. నూటికి నూరు పాళ్లూ తిరిగొస్తన్నాయి."

సింహాద్రప్పడు బోర్డు వైపు చూడలేదు. వెనక ఆకాశంలోకి లేస్తున్న తెల్లటి పొగను చూశాడు.

"అదేటమ్మా?"

"ఆవిరి. యంత్రాలు చల్లబడాలి గదా."

"నా బెల్లం పెనంలో చెరకు రసం మరిగితే సగానికి పైగా ఆవిరైపోద్ది. మీ ఆవిరి మాత్రం మళ్లీ దిగొచ్చి తొట్టిలో కూకుంటాదా?"

పైడితల్లి నవ్వబోయి ఆగిపోయింది.

"బోర్డు మీద నూటికి తొంభై అని రాసుంటే నమ్మి ఇంటికెళ్లిపోదును. పోయిన నీళ్లు ఎక్కణ్ణుంచి పూడుస్తన్నారు?"

ఆమె గొంతు తగ్గించింది. "నన్నడక్కు మావయ్యా. ఆ వెనక షెడ్డు తాళం మాకివ్వరు."

సింహాద్రప్పడు షెడ్డు దాకా నడిచి, గోడకు చెవి ఆనించాడు. లోపల బోరు మోటారు తిరుగుతోంది.