ఉప్పుమడుల అర్జీ

చెవిలో చదివి వినిపించే యంత్రాలు వచ్చాక అక్షరాలు ఎవరికీ అక్కర్లేకపోయాయి. ఉప్పుమడుల్లో పనిచేసే ఎర్నమ్మ, మరో పదకొండు మంది ఆడవాళ్లు మాత్రం ఒకరికొకరు నేర్పుకుని చదవడం, రాయడం ఒంటబట్టించుకున్నారు. కొత్త రేవు కట్టడానికి తమ మడులు ఇవ్వలేమని తామే అర్జీ రాసి ఆఫీసుకు తెచ్చారు.

గుమాస్తా ఆ కాగితాన్ని యంత్రం ముందు పెట్టింది.

"మడులు ఇవ్వడానికి పన్నెండు మందికీ సమ్మతమే," అంది యంత్రం.

"అలాగ రాయలేదమ్మా. ఇయ్యలేమని రాసినాం. సూడు," అంది ఎర్నమ్మ.

"నాకు సదవడం రాదు పిన్నీ."

"మేం సదివి ఇనిపిత్తాం."

"మీరు సదివింది నిజమని ఎవులు సెప్తారు?" అంది గుమాస్తా జాలిగా.

ఆ ఆఫీసులో చదవగలిగినవాళ్లు ఆ పన్నెండు మందే. కాసేపటికి గోడమీది తెరపై ‘మడుల అప్పగింత పూర్తయింది’ అని పడింది. గుమాస్తా దాన్ని చెవిలో వినేలోపే వాళ్లు చదివేశారు.