విమల చెప్పింది

శ్రీపతికి తాగుడు లేదు, పేకాట లేదు. అలాంటి వ్యసనం ఏదైనా ఉంటే భార్య వసుమతి ఎలాగో సర్దుకుపోయేది. ఆయన స్పానిష్ నేర్చుకుంటున్నాడు.

ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఓ పాత స్పానిష్ పుస్తకం దొరికింది. ఆఫీసులో టైపిస్టు విమల దొరికింది. ఆమె కాన్వెంటులో స్పానిష్‌కు తల్లి అయిన లాటిన్ చదివిందట.

"కూరల ఉప్పు సరిపోయిందా?" అని అడిగింది వసుమతి వడ్డిస్తూ.

"ఉప్పును స్పానిష్‌ల సాల్ అంటరు. లాటిన్ మాట. ఇంగ్లీషు సాలరీ దాని చుట్టమే. విమల చెప్పింది."

"సరిపోయిందా, లేదా?"

"కమీసా అంటే అంగి. ఇంగ్లీషుల షెమీజ్. రెండూ ఒక్క తల్లి పిల్లలే. విమల..."

"మన ధోబీ పోచయ్య గూడ కమీజే అంటడు. ఆయనకు గూడ విమలనే చెప్పిందా?"

శ్రీపతి ముద్ద చేతిలో పట్టుకుని ఆలోచనలో పడ్డాడు. విమల గురించే అయి ఉంటుందనుకుంది వసుమతి.

"ఐతారం నాడు ఆమెను జర చాయ్‌కు పిలువున్రి. ఆ లాటిన్ ఎట్లుంటదో నేను గూడ చూస్త."

ఆదివారం నాంపల్లిలో వాళ్ళ గుమ్మం ముందు రిక్షా ఆగింది. వసుమతి గద్వాల చీర కట్టింది. విమల కూడా తక్కువ తినలేదు. జడనిండా మల్లెలు, చంకలో లావుపాటి డిక్షనరీ. ఇద్దరూ ఒకరినొకరు నఖశిఖపర్యంతం చూసుకున్నారు.

"రోజూ మీ ముచ్చటే," అంది వసుమతి కప్పు అందిస్తూ. "ఉప్పుల మీరే, పప్పుల మీరే. ఈ ఇంట్ల నాకింత జాగ లేదు."

విమల కప్పు ఠక్కున కింద పెట్టింది.

"మంచిగున్నది! ఆఫీసుల పొద్దుగాల్నుంచి 'వసుమతి అన్నది, వసుమతి అన్నది'. స్పానిష్‌ల అర్మారియో అంటే మన అల్మారానే అని మీరే అన్నరంట గద! నాలుగేండ్లు లాటిన్ చదివి నాకే తట్టలే. కడుపు మండి, ఎవరీమె చూద్దామనే వచ్చిన."

ఇద్దరూ మెల్లగా శ్రీపతి వైపు తిరిగారు.

"ఇక్కడ ఆమె మాట, అక్కడ నా మాట," అంది వసుమతి. "మరి నడుమ మీరేం చేస్తున్నరు?"

శ్రీపతి గొంతు సవరించుకున్నాడు.

"తప్పు చేసిన. మీ ఇద్దరి మాటలు కలిపి పుస్తకం రాసిన. నిన్ననే అచ్చయింది... నా పేరు మీద."