ఒక్క పట్టీ కోసం

"దొరికిందా మామా?"

బుడన్‌సాబ్ బస్సు దిగి ఇంటి ముందుకు వచ్చీ రాకముందే జయరాముడు ఎదురెళ్ళి అడిగాడు. ముసలి మెకానిక్ అరుగు మీద చతికిలబడ్డాడు. గోనెసంచి పక్కన పెట్టి, తలగుడ్డతో మెడ తుడుచుకున్నాడు.

"యాడప్పా! పెనుకొండంతా జల్లెడ పట్టినా. లారీ పట్టీలు కావాలంటే బండెడు ఉండాయి. మన కారుది సన్నం, పల్చన. అట్లాంటిది ఒగటీ లేదు."

"నమూనా చూపించినావా?"

"చూపించకుంటే ఎట్లా? దానికే గదా ఒక పట్టీ వెంట తీసుకపోయింది." సంచిలోంచి కొత్త కొడవలి తీసి గుమ్మంలో నిలబడ్డ జయరాముడి తల్లి రామక్కకు అందించాడు. "వట్టి చేతుల్తో రాలేక హనుమంతు కొలిమి కాడ ఇది తెచ్చినా చెల్లెమ్మా."

రామక్క దాన్ని రెండు చేతులా అందుకుని లోపలికి పోయి గోడకు తగిలించింది. అక్కడ అప్పటికే కొడవళ్ళు వరసగా వేలాడుతున్నాయి. బుడన్‌సాబ్ ఊరెళ్ళిన ప్రతిసారీ ఒకటి వచ్చేది.

"ఇంట్లో గొడ్డూ లేదు గోదా లేదు. ఇన్ని కొడవళ్ళతో ఏం కోస్తావమ్మా?"

"ఉండనీలే నాయనా. మంచి ఇనుము."

హిందూపురంలో ఆ కారు తెలియనివాళ్ళు లేరు. ఒక దొర తన దేశానికి పోతూ బెంగళూరులో అమ్మేసిన రెండు సీట్ల రేసు కారది. జయరాముడి తండ్రి గోవిందరాజులు దాన్ని తోలుకొచ్చిన రోజు ఊరంతా చూడడానికి వచ్చింది. పెనుకొండ కొండ మలుపులో అది పల్టీ కొట్టి ఆయన పోయిన రోజు కూడా ఊరంతా వచ్చింది. ఆయన్ని కారు కింద నుంచి లాగి, చేతుల మీద మోసుకొచ్చింది బుడన్‌సాబే. అప్పటి నుంచి కారు రేకుల షెడ్డులో ఇటుకల మీద పడి ఉంది.

దాన్ని మళ్ళీ నిలబెట్టి మద్రాసు దగ్గరి షోలవరం కార్ల పందెంలో తోలాలని జయరాముడి పిచ్చి. ఇంజను పలికింది, బ్రేకులు కుదిరాయి. ఇక మిగిలింది కారు బరువు మోస్తూ గుంతల్లో ఊగే ముందు కమాను. ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి బిగించిన కట్ట అది. అందులో పెద్ద పట్టీ ఒక్కటే విరిగిందనీ, తక్కినవన్నీ బాగున్నాయనీ బుడన్‌సాబే విప్పి చూసి చెప్పాడు. తుప్పు పట్టకుండా వాటికి నూనె పూసి తన అటక మీద దాచాడు. ఆ ఒక్కటీ దొరికితే కారు రోడ్డెక్కుతుంది.

వింత ఏమిటంటే, మొగుడికి వద్దని చెప్పి చెప్పి నోరు నొప్పిపుట్టిన రామక్క, కొడుకును మాత్రం ఒక్క మాట అనలేదు. వీధిలో ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు. జయరాముడికి అందుకే అమ్మంటే ప్రాణం. గెలిచిన కప్పు తెచ్చి ఆమె చేతుల్లోనే పెట్టాలనుకునేవాడు.

ఎండలు పోయి వానలొచ్చాయి, మళ్ళీ ఎండలొచ్చాయి. చెప్పులరిగాయి తప్ప పట్టీ దొరకలేదు. జయరాముడికి విసుగొచ్చింది, ఆ విసుగుకూ ఓపిక లేకుండా పోయింది.

"పెద్దోనివి, నువ్వెంతకని తిరుగుతావు మామా? ఈసారి నేనే పోతా" అన్నాడు.

బుడన్‌సాబ్ రామక్క వైపు చూశాడు. "పోనీలే అన్నా, పోయి రానీ" అందామె.

పెనుకొండలో హనుమంతు కొలిమి దగ్గర తిత్తి ఆడుతోంది. జయరాముడు పేరు చెప్పగానే అతని ముఖం విప్పారింది.

"రామక్క కొడుకువా! మీయమ్మకు కొడవళ్ళు నచ్చినాయా? రాయి మీద పడినా పదును పోదని చెప్పు."

"చెప్తాలే అన్నా. మాకు కావాల్సింది కారు పట్టీ."

హనుమంతు నిప్పుల వైపు తిరిగాడు. "ఈడ అమ్మేటివి లేవబ్బా. ధర్మవరం పోయి చూడు."

ధర్మవరంలో పాత ఇనుము ఇనాయతుల్లా గడ్డం గోక్కుంటూ చాలాసేపు ఆలోచించాడు.

"సన్న పట్టీయా? శానా దినాలాయ. నేసే ఈశ్వరప్ప మగ్గానికి బరువు కావాలని ఒగటి పట్టకపాయ."

ఈశ్వరప్ప ఇంట్లో మగ్గం వెనక, పట్టు పడుగు దారాలు బిగువుగా ఉండడానికి తాడుతో వేలాడదీసి ఉంది ఆ పట్టీ. జయరాముడు జేబులోంచి కొలతపుల్ల తీసి ఆనించి చూశాడు. పొడవు సరిపోయింది, వెడల్పూ సరిపోయింది.

"ఇయ్యి అన్నా, నీ కాళ్ళు మొక్కుతా."

"సీర మగ్గం మీద ఉండాది. ఇప్పుడు బరువు మారిస్తే బిగువు తప్పుతుంది, నేత పాడయితుంది. సీర దిగినాక తీసుకపో."

అరుగు మీదే పడుకుని, వాళ్ళు పెట్టిన సంగటి తింటూ, చీర దిగేదాకా జయరాముడు అక్కడే కాచుకున్నాడు. పట్టీకి సరితూగే రాయి తానే వెతికి తాడుకు కట్టిచ్చి, రైలెక్కాడు. ఒళ్ళంతా పచ్చిపుండులా ఉన్నా కునుకు పట్టలేదు. ఒళ్ళో పట్టీని చంటిబిడ్డలా పట్టుకుని కూర్చున్నాడు.

మధ్యాహ్నం హిందూపురంలో దిగాడు. అమ్మను ఆశ్చర్యపరచాలని పెరటి వైపు నుంచి వచ్చాడు. వంటింట్లో బుడన్‌సాబ్ గొంతు వినిపించింది. గోడకు ఇంకో కొడవలి తగిలించిన చప్పుడైంది.

"అమ్మా, దొరికింది!" అని అరవబోయి నోరు తెరిచాడు. అంతలో లోపలి నుంచి అలసిపోయిన అమ్మ గొంతు వినిపించింది.

"నీ అటక మీద ఇంకెన్ని పట్టీలు మిగిలినాయన్నా, కొడవళ్ళు కొట్టించేకి?"