కారిడార్‌లో వాసన

స్టవ్ మీద పెద్ద స్టీలు గిన్నెలో బార్లీ మాల్ట్ మరుగుతుండగా తలుపు చప్పుడైంది.

కౌస్తుభ్ గరిటె చేత్తో పట్టుకునే తలుపు ఓరగా తెరిచాడు. ఎదురు ఫ్లాట్‌లో ఒంటరిగా ఉండే రాజగోపాల్‌గారు.

"ఏం బాబూ, కారిడార్ అంతా ఘుమఘుమలాడుతోంది! ఏమిటి వంట?"

"బీర్ అంకుల్. హాబీ. ఇంట్లోనే చేసుకుంటాను."

"ఓహో, ఇంట్లోనే!" ఆయన కళ్ళజోడు సవరించుకుని లోపలికి తొంగి చూశారు. "అమ్మాయికి ఈ ఆవిరి పడుతుందా? అసలే వట్టి మనిషి కాదు."

"తనకి ఓకే అంకుల్." తలుపు మూసుకుంది.

"ఎవరు?" సోఫాలోంచి అడిగింది చరిత.

"ఎదురింటి సీసీ కెమెరా."

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. "పాపం, ఒకసారి లోపలికి పిలవచ్చుగా."

ఆ వారంలోనే వాళ్ళ తలుపుకి అపార్ట్‌మెంట్ ఆఫీస్‌వారు నోటీసు అంటించారు. ఈ అంతస్తు నుంచి దుర్వాసన వస్తోందని ఫిర్యాదు అందింది; అది మీ ఫ్లాట్ నుంచేనని అనుమానం; పునరావృతమైతే లీజ్ పొడిగించము.

చరిత ముఖం పాలిపోయింది. "డెలివరీ ముందు ఇల్లు మారడమా? డాక్టర్ ఇక్కడే, హాస్పిటల్ ఇక్కడే. మా అమ్మ ఇండియా నుంచి వచ్చే టైమ్‌కి అట్టపెట్టెల మధ్య కూర్చోమంటావా? ఆ బీరేదో ఆపెయ్ కౌస్తుభ్."

"ఆపుతాలే. ముందు ఆ పెద్దమనిషి సంగతి చూడనీ."

మెయిల్ బాక్సుల దగ్గర దొరికారు రాజగోపాల్‌గారు. కౌస్తుభ్ పక్కన స్నేహితుడు సిద్ధార్థ్ కూడా ఉన్నాడు.

"అంకుల్, మీరు ఆఫీస్‌కి వెళ్ళారా?"

ఆయన తడబడ్డారు. "వెళ్ళాను బాబూ. అది..."

"ఒప్పుకున్నారుగా, చాలు. ముందు ఘుమఘుమ, వెనకాల కంప్లెయింటా?"

"కాదయ్యా, చెప్పేది విను..."

"ఏమీ తోచకపోతే టీవీ చూసుకోండి అంకుల్. మా ఇల్లు చూడకండి."

సిద్ధార్థ్ ఫక్కున నవ్వాడు. రాజగోపాల్‌గారు చేతిలోని ఉత్తరాలను ఒకసారి సర్దుకుని వెళ్ళిపోయారు.

ఇంట్లో బీరు చేసుకునేవారికి ఒక సరదా ఉంటుంది: కాచిన ప్రతిసారీ ఒక కొత్త పేరు, ఆ పేరుకు తగ్గ లేబుల్. ఈసారి సీసాల మీద కౌస్తుభ్ అంటించిన పేరు 'ఫిర్యాదు బాబాయ్'. పేరు కింద బొమ్మ. పెద్ద కళ్ళజోడు, వేళ్ళతో మూసుకున్న ముక్కు.

"బీర్ కన్నా లేబుల్ అదిరింది బ్రో!" అన్నాడు సిద్ధార్థ్. "ఎదురింటికి ఒకటి పంపు."

పంపాడు కూడా. సీసాను ఆయన గుమ్మం ముందు పెట్టి, బెల్ నొక్కి, నవ్వాపుకుంటూ లోపలికి వచ్చేశాడు.

మర్నాడు బెల్ మోగింది. రాజగోపాల్‌గారి చేతిలో ఖాళీ సీసా. శుభ్రంగా కడిగి, తుడిచి ఉంది. లేబుల్ తడవకుండా, చినగకుండా ఎలా కడిగారో!

"సీసాలు మళ్ళీ పనికొస్తాయటగా బాబూ. బీరు చాలా బాగుంది."

"థాంక్స్ అంకుల్" అంటూ కౌస్తుభ్ సీసా అందుకున్నాడు. తలుపు వేసుకుని, చరిత చూడకముందే గోటితో లేబుల్ గీకేశాడు. ఆ తరువాత, బయటికి వెళ్ళాలంటే ముందు తలుపు కంతలోంచి కారిడార్ చూసుకోవడం, ఎదురు తలుపు మూసి ఉంటేనే అడుగు బయట పెట్టడం అలవాటు చేసుకున్నాడు.

అయినా హాబీ మానలేదు. కిటికీలన్నీ తెరిచి, ఫ్యాన్ పెట్టి మరొకసారి మాల్ట్ కాచాడు. నోటీసు రాలేదు.

"చూశావా? నేనిచ్చిన డోసు పనిచేసింది" అన్నాడు భార్యతో. అలా అనుకుంటే, గీకేసిన ఆ లేబుల్ గురించి ఆలోచించవలసిన అవసరం తగ్గుతుంది.

చరిత మాత్రం నవ్వలేదు. "పెద్దాయన్ని అన్నన్ని మాటలు అనకుండా ఉండాల్సింది" అంది.

ఒక శనివారం ఎదురు ఫ్లాట్ సామాను వ్యాన్‌లోకి ఎక్కుతోంది. మెట్ల మీద ఎదురుపడ్డ రాజగోపాల్‌గారు ఆగారు.

"వెళ్తున్నాను. అమ్మాయి జాగ్రత్త బాబూ."

కౌస్తుభ్ మోగని ఫోన్‌ను చెవికి ఆనించుకుని తల ఊపాడు. ఎక్కడికని అడగలేదు.

తరువాతి వారం లీజ్ పొడిగింపుకు సంతకం చేయడానికి ఆఫీస్‌కు వెళ్ళాడు. మేనేజర్ మార్లిన్ నవ్వుతూ కాగితాలు ముందుకు జరిపింది. చరిత ఎలా ఉందని అడిగింది. అతని మనసు తేలికపడింది. అంతటితో ఊరుకుంటే బాగుండేది.

"ఆ కంప్లెయింట్ ఏమైంది? ఎదురు ఫ్లాట్ ఆయన ఇచ్చింది?"

"ఆయనా? ఫిర్యాదు చేసింది పై అంతస్తు వాళ్ళు."

కౌస్తుభ్ చేతిలో పెన్ను ఆగింది.

"మరి ఆయన ఆఫీస్‌కి వచ్చారుగా?"

"వచ్చారు. మీ తలుపు మీద నోటీసు చూసి వెంటనే వచ్చారు. పై వాళ్ళు రెండోసారి ఫిర్యాదు చేసినప్పుడూ వచ్చారు."

కౌస్తుభ్ చెవులు వేడెక్కాయి. మెయిల్ బాక్సుల దగ్గర తాను పూర్తి చేయనివ్వని వాక్యం ఇప్పుడు ఎవరి నోట వినబోతున్నాడో అతనికి అర్థమవుతోంది. లేచి వెళ్ళిపోవాలనిపించింది.

"మిమ్మల్ని అనవసరంగా అనుమానించినందుకు సారీ" అంది మార్లిన్ నొచ్చుకుంటూ. "ఉలవలట, అవేవో గింజలు, గంటల తరబడి ఉడకబెడతారట, ఆ వాసనంతా తన వంటింటిదేనని ఆయనే ఒప్పుకున్నారు, అందుకే ఆయన లీజ్ పొడిగించలేదు."