లోపలి గడియ

రాత్రి భోజనాలయ్యాక గిన్నెలు తోముతూ వదిన, "నా పరీక్ష సంగతేమైందే?" అంది.

ల్యాబులో పనిచేసే ఆడపడుచు పొడిగా ఉన్న పళ్ళేన్నే మళ్ళీ తుడిచింది. కణం అడ్డదిడ్డంగా పెరగకుండా కాపలా కాసే ప్రోటీను పరీక్షలో నల్లగీతగా కనబడాలి. వదిన గర్భాశయ ద్వారం నుంచి తీసిన కణాల్లో ఆ చోటు మూడుసార్లూ ఖాళీగానే వచ్చింది.

"కాపలా ప్రోటీను లేదు వదినా. ఇంకా క్యాన్సర్ కాలేదులే. రేపే డాక్టరు దగ్గరికి వెళ్దాం."

"నాకు సోకిన ఆ వైరస్ చంపేసిందా దాన్ని?"

"అది చేతికి మట్టి అంటనివ్వదు. కణంలోదే ఇంకో ప్రోటీనుని మచ్చిక చేసుకుని, దాని చేత చంపిస్తుంది."

"అయితే ఇంటిదొంగే," అని వదిన నవ్వబోయి ఆగింది. కుళాయి కట్టేసి చెవి ఒగ్గింది.

"ఎవరో లోపలి నుంచి గడియ తీస్తున్నారు."

ఆడపడుచుకేమీ వినబడలేదు. వీధితలుపు గడియ వేసే ఉంది. వదిన తడిచేతులతోనే, ఎవరో తన చేత తీయిస్తున్నట్టు దాన్ని తీసి, చీకట్లోకి వెళ్ళిపోయింది.