మంచు చూడని మనిషి

సిమ్లాలో కారు వెనక్కి జారినప్పుడు తాను అరిచిందో లేదో సీతాలక్ష్మికి ఇప్పటికీ తేలలేదు. అరిచాననే బండి తోలే మల్లన్నకు చెప్పింది, మొదటిసారి. రెండోసారి గొంతు పెగల్లేదని చెప్పింది. మల్లన్న ఆ తేడా పట్టుకోలేదు. పట్టుకున్నా ఏమీ అనలేదు.

ఆదివారం ఉదయం ఆరు. ఈ ఎడారి దేశంలో బడివారం మొదలయ్యేది ఆదివారమే. ఐన్ ఖాలిద్‌లో ఇంటి ముందు, సొంత కారులో, డ్రైవర్ సీటులో కూర్చుని ఉంది. ఇంజన్ తిరుగుతోంది. వెనక సీటులో కూతురు అక్షర. జనవరి గాలి ఏసీ అక్కర్లేనంత హాయిగా ఉంది.

తల్లి పాఠాలు చెప్పేదీ, కూతురు చదివేదీ అబూ హమూర్‌లోని ఒకే బడిలో. రెండేళ్ళుగా ఇద్దరూ మల్లన్న కార్ లిఫ్ట్‌లో వెళ్ళేవారు. నెలవారీగా మాట్లాడుకుని ఎక్కే బండి. మల్లన్న మొన్న శుక్రవారం జగిత్యాల వెళ్ళిపోయాడు, ఇక రాడు. భర్త విశాల్ తెల్లవారకముందే రాస్ లఫాన్ డ్యూటీకి కంపెనీ బస్సెక్కేశాడు.

ఇవాళ నడపకపోతే రేపూ నడపదు. రేపు నడపకపోతే ఉద్యోగం మానేస్తుంది. తన గురించి తనకు ఆమాత్రం తెలుసు.

"అమ్మా, ఇక్కడ మంచు ఎక్కడుంది?"

"లేదు."

"మరి పోనీ."

"నువ్వు నోరు మూసుకుని పుస్తకం తియ్."

మంచు లేదని ఆమెకు తెలుసు. ఆమె కాళ్ళకు తెలియదు.

ఏడేళ్ళ కిందట, సిమ్లాలో ఉన్నప్పటి మాట. రాత్రంతా కురిసిన మంచు తెల్లారేసరికి సంజౌలీ ఎత్తు మీద గట్టిపడింది. నాలుగేళ్ళ అక్షర వెనక సీటులో ఉండగా, ఆమె నడుపుతున్న కారు తనంతట తాను వెనక్కి బయల్దేరింది. ఒక దేవదారు చెట్టు ఆపింది. ఎవరికీ ఏమీ కాలేదు. బంపర్ సొట్ట కూడా చిన్నదే. ఇక్కడికొచ్చాక లైసెన్సు తెచ్చుకుంది, పక్కన నేర్పేవాడుంటే చక్కగానే నడిపింది. పక్క సీటు ఖాళీ అయితే మాత్రం కాళ్ళు సిమ్లా వెళ్ళిపోతాయి.

మల్లన్నకు ఈ కథంటే ఎంత ఇష్టమో!

"మంచంటే ఫ్రిజ్‌ల ఐసు లెక్కనేనా మేడం?" అని మొదలుపెట్టేవాడు, మెయిన్ రోడ్డెక్కగానే.

"కాదు మల్లన్నా. ముందు పిండిలా ఉంటుంది. బండ్లు తొక్కేకొద్దీ గాజవుతుంది."

"అయ్యో! మరి ఎట్ల తోలుతరు?"

"టైర్లకు గొలుసులు కడతారు."

"గొలుసులా! గమ్మతున్నదే. ఇంతకు ఆ పొద్దు మీ బండి ఎట్ల జారింది?"

మళ్ళీ చెప్పేది. వారానికొకసారైనా చెప్పించుకునేవాడు. చెప్పినప్పుడల్లా మరిచిపోయినదేదో ఒకటి పైకి తేలేది. చెట్టు మీది మంచు కారు కప్పు మీద దబ్బున రాలడం. దానికి అక్షర కిలకిలా నవ్వడం. అవును, పిల్ల నవ్వింది! ఇరవయ్యోసారో ఏమో, అది చెబుతూ చెబుతూ తనూ నవ్వేసింది. ఎడారిలో మంచు పాఠం చెప్పే టీచర్ని అని తనను చూసుకుని తానే ముచ్చటపడింది.

గురువారం ఆఖరిసారి దిగేటప్పుడు మల్లన్న చేతిలో ఖర్జూరాల డబ్బా పెట్టింది.

"మీరూ ఒక్కసారైనా మంచు చూడాలి మల్లన్నా."

"చూద్దాం తియ్యి మేడం," అన్నాడు తల గోక్కుంటూ.

ఆరుంబావు అయింది. సీతాలక్ష్మి ఇంజన్ ఆపేసి మల్లన్న నంబరు నొక్కింది. కార్ లిఫ్ట్ తోలేవాళ్ళు ఊరికి వెళ్ళిపోయేటప్పుడు నంబరూ గిరాకీ మరొకరికి అప్పజెప్పి పోతారు.

"హలో, నేను చిరంజీవిని. మల్లన్న కాక ఇంటికి పోయిండు గద."

"తెలుసు. ఐన్ ఖాలిద్ నుంచి టీచర్ సీతాలక్ష్మిని. మేమిద్దరం అబూ హమూర్ వెళ్ళాలి. వస్తారా?"

అవతల చిన్న నవ్వు.

"అక్కా, ఏమనుకోకుండ్రి. మీకు బండి మాఫీ, లేదు."

"అదేంటి? ఖాళీ లేదా?"

"ఖాళీ ఉన్నది. అందరినీ నాకు అప్పజెప్పిండు గని, మిమ్మల్నొక్కరిని ఎక్కించుకోవద్దన్నడు. ఐతారం పొద్దుగాల ఫోన్ జేస్తదిరా, పోకు, ఆమె తోలుకుంటది అన్నడు."

ఆమెకు ఒళ్ళు మండింది.

"ఆయనకేం తెలుసు నా అవస్థ? మంచంటే ఫ్రిజ్‌లో ఐసా అని అడిగిన మనిషి!"

"గట్లడిగిండా!" చిరంజీవి పగలబడి నవ్వాడు. "అందరితోని గదే కథ అక్కా. అప్పట్ల నేను సైట్ల పనిజేస్తుంటి. స్కాఫోల్డింగ్ మీదికెల్లి కింద పడ్డంక మళ్ల ఎక్కాల్నంటే వణుకుడే. కాక క్యాంప్‌ల నా పక్కన కూసోని, ఎట్ల పడ్డవ్‌రా, ఎట్ల పడ్డవ్‌రా అని రోజు అడుగుడే. తెల్వదా ఆయనకు? చెప్పి చెప్పి నాకే యాష్టకొచ్చింది. ఎక్కిన."

సీతాలక్ష్మి చూపు ఖాళీగా ఉన్న పక్క సీటు మీద పడింది.

"అంటే, మంచు..."

"మంచు ఆయనకు తెల్వకపోవుడేందక్కా? ఈడికి రాకముందు మిలిట్రీల డ్రైవర్. పదిహేడేండ్లు లడక్‌ల మంచుల జారిపోయిన బండ్లను గుంజి, భయపడ్డ డ్రైవర్లను మళ్ల సీటుల కూసోబెట్టుడే ఆయన డ్యూటీ."

సీతాలక్ష్మి ఫోను పక్కన పెట్టి, ఇంజన్ ఆన్ చేసి, హ్యాండ్‌బ్రేక్ దించింది.